బొంబాయి పిల్ల చేసిన బొంబాయి

పెళ్లయి నర్సీపట్నం వచ్చేదాకా నాకు బొంబాయి అంటే ఒకటే అర్థం తెలుసు. నేను పుట్టి పెరిగిన ఊరు. మా నాన్న అక్కడ రేవులో క్రేను నడిపేవాడు. వరసగా గదులున్న పాత మేడలో మాకో గది, ఆ వరసకంతటికీ చివర ఒకే కుళాయి, ఆ కుళాయి దగ్గర పొద్దున్నే నాలుగైదు భాషల్లో తగువులు. ఆ తగువులన్నీ నాకు వచ్చు. బొంబాయి అంటే అందరికీ సముద్రం గుర్తొస్తుందేమో గానీ నాకు ముందు ఆ కుళాయే గుర్తొస్తుంది.

తీరా ఇక్కడికొచ్చి చూస్తే బొంబాయి వంటింట్లో ఉంది. ఉప్మా చేసుకునే రవ్వ బొంబాయి రవ్వ. పూరీల్లోకి శనగపిండీ ఉల్లిపాయలూ వేసి చేసే పచ్చటి జారుడు పదార్థం బొంబాయి చట్నీ. రోజూ నోట్లో నానే మాట కాబట్టి చట్నీ అన్న తోక కూడా ఎవరూ తగిలించరు. మా ఆయన నన్ను మొదటిసారి బస్టాండు ఎదురుగా ఉన్న హోటలుకి టిఫినుకి తీసుకెళ్లినప్పుడు, పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక రైతు, "పూరీ సరే గానీ బొంబాయి ఇంకొంచెం ఎయ్యి" అని కేకేశాడు. సర్వరు, "బొంబాయి అయిపోనాది బాబూ, కొబ్బరి సెట్నీ ఏసీమంటావా?" అన్నాడు. ఆ రైతు ముఖం మాడ్చుకుని, బొంబాయి లేనిదే పూరీ ఎందుకని పళ్లెం తోసేసి వెళ్లిపోయాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

డెబ్బైల చివరి సంగతి ఇది. అప్పటికి మేముండే పేటలో బొంబాయి చూసొచ్చినవాళ్లు ఒకరిద్దరుంటే గొప్ప. బొంబాయి తినని వాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. రైలెక్కి వెళ్లే ఊరొకటి అదే పేరుతో ఉందని తెలిసినా, ఆ ఊరికి ఆ పేరు ఈ చట్నీ వల్లే వచ్చిందేమో అన్నట్టు మాట్లాడేవారు.

మా నాన్నది కోటవురట్ల దగ్గర పల్లె. చిన్నప్పుడే పొట్ట చేత పట్టుకుని బొంబాయి చేరాడు. నాకు ఊహ తెలిసేలోపే మా అమ్మ పోయింది. పెళ్లీడు రాగానే, పిల్లని మనవాళ్లలోనే ఇవ్వాలని నాన్న పంతం పట్టి, తెలిసిన పాస్టరుగారి ద్వారా ఈ సంబంధం కుదిర్చాడు. అబ్బాయి బస్సు డిపోలో మెకానిక్కు. మావగారు లేరు. అత్తగారు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. "అత్తగారొక్కరే, ఆడపడుచులు లేరు, నీకు హాయి" అని నాన్న చెప్పి పంపించాడు. ఆ ఒక్క అత్తగారే నలుగురు అత్తగార్ల పెట్టు అని ఆయనకి తెలియదు.

మేం దిగిన మర్నాడే పేటలోని ఆడవాళ్లంతా కొత్త కోడల్ని చూడటానికి వచ్చారు. నా రంగు గురించో, చదువు గురించో అడుగుతారని సిద్ధంగా కూర్చున్నాను. చాప మీద సర్దుకుని కూర్చున్నారో లేదో, ఒకావిడ ముందుకు వంగి రహస్యం అడిగినట్టు అడిగింది.

"ఏమ్మా, మీ ఊల్లో బొంబాయిలోకి దుంప ఏత్తారా, ఎయ్యరా?"

నాకు అర్థం కాలేదు. అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఊపిరి బిగబట్టి నా జవాబు కోసం చూస్తోంది. అందరూ చూస్తున్నారు. శనగపిండి చట్నీ సంగతి అడుగుతున్నారని మెల్లగా తెలిసింది. నాకప్పటికి ఇరవై ఏళ్లు, నోరు మాత్రం నలభై ఏళ్లది.

"మా ఊళ్లో అలాంటి చట్నీ ఎవరూ చెయ్యరండీ. నేను పేరే వినలేదు" అన్నాను.

అందరూ గతుక్కుమన్నారు. ఎవరో దగ్గారు. వచ్చినవాళ్లు నా కొత్త సామాను వంక ఒకసారి చూసి, టీలు తాగి, లేచి వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా పేటంతా ఒకటే మాట. బొంబాయి పిల్లకి బొంబాయి రాదట. కొందరు పాపం అన్నారు. ఎక్కువమంది మాత్రం, వచ్చి కూడా చెప్పడం లేదు, పొగరు అన్నారు.

ఆ దుంప గొడవేమిటో మా ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. చర్చి వెనక వీధిలో నర్సమ్మగారని ఒక పెద్దావిడ ఉంది. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసినా పేరు మాత్రం అలా ఉండిపోయింది. పిల్లలు లేరు, భర్త పోయాడు. ఆవిడా మా అత్తగారూ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు. మా అత్తగారు ఆవిడని అప్పా, అంటే అక్కా అని పిలిచేది. కొన్నేళ్ల కిందట చర్చి విందులో ఇద్దరూ బొంబాయి చేశారు. నర్సమ్మగారు అందులో ఉడకబెట్టిన బంగాళదుంప చిదిమి వేసింది. మా అత్తగారు రుచి చూసి, "దుంపేస్తే అది బొంబాయి కాదు, కూర" అంది, అదీ వడ్డన పంక్తి మధ్యలో నిలబడి. అంతే. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. స్త్రీల సమాజంలో ఒకావిడ తలుపు వైపు కూర్చుంటే ఇంకొకావిడ కిటికీ వైపు కూర్చుంటుంది. పేట సగం దుంప వైపు, సగం దుంప లేని వైపు. అసలు బొంబాయి నుంచే కోడలు వస్తోందని తెలియగానే, తీర్పు చెప్పడానికి జడ్జిగారు వస్తున్నట్టు అందరూ ఎదురుచూశారట.

జడ్జిగారేమో ఆ కేసే తన ఊరిది కాదని కొట్టేశారు.

మర్నాడు పొద్దున్న అత్తగారు నాతో ఒక్క మాటా ఆడకుండా పొయ్యి వెలిగించింది. ఉల్లిపాయలు నిలువుగా తరిగింది, అల్లం పచ్చిమిరపకాయలు దంచింది. పోపు చిటపటలాడాక నీళ్లు పోసి, పసుపేసి, తెర్లుతుండగా శనగపిండి కలిపిన నీళ్లు సన్నధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పింది. దింపాక నిమ్మకాయ పిండింది. రెండు పూరీల పక్కన పోసి నా ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

నేను ముక్క ముంచుకుని నోట్లో పెట్టుకున్నాను. నిమ్మకాయ పులుపు దాటి, పోపు దాటి, శనగపిండి ఉడికిన ఆ వాసన తగలగానే నమలడం ఆపేశాను. ఇది నాకు తెలుసు. మా పక్క గదిలో మరాఠీ ఆవిడ ఉండేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నాన్న పని మీద ఉంటే నన్ను తన పిల్లలతో కూర్చోబెట్టుకుని పెట్టేది. నెలాఖరున ఇంట్లో కూరగాయ ముక్క లేనప్పుడు ఆ ఇంట్లో పిఠ్లా చేసేవారు. శనగపిండే, ఉల్లిపాయే, పచ్చిమిరపకాయే. కాకపోతే జారదు. గట్టిగా ఉంటుంది, వెల్లుల్లి దండిగా పడుతుంది, నిమ్మకాయ ఉండదు. దాన్ని జొన్న రొట్టెతో తుంచుకు తినడమే.

"అత్తయ్యగారూ, ఇది మాకుంది! పేరు ఇది కాదు గానీ ఇదే! మా పక్కింటావిడ చేసేది!" అని అరిచాను.

ఆవిడ ముఖం చేటంత అయింది. ఆ తరవాత ఆవిడ అడిగినది ఒక్కటే ప్రశ్న.

"దుంప?"

"వెయ్యరండీ. దుంప మాటే లేదు."

ఆవిడ గరిటె అక్కడే పడేసి వీధి అరుగు మీదకి వెళ్లింది. "సెప్పానా నాను! బొంబాయిలో దుంప ఎయ్యరంట! మా కోడలు సెప్పింది!" అని దారినపోయే వాళ్లందరికీ వినిపించేట్టు అంది. మధ్యాహ్నానికి ఆ మాట చర్చి వెనక వీధి చేరింది. సాయంత్రానికి అక్కణ్నుంచి జవాబు కూడా వచ్చింది. "తినకుండా నానేటి ఒప్పుకోను. సేసి సూపించమను" అని.

మా అత్తగారికి కావలసింది అదే. "కోత పండక్కి మా కోడలు అసలు బొంబాయి సేత్తాది, అందరూ బేగి వొచ్చీండి" అని సమాజంలో చాటేసింది.

ఇక్కడ కోడలి పాట సంగతి చెప్పాలి. పంట ఇంటికొచ్చాక మా చర్చిలో కోత పండగ చేస్తారు. ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెట్టి అమ్ముతారు. చివర్లో ఆ ఏడాది కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు తమ చేత్తో వండిన వంటకం ఒకటి పళ్లెంలో పెట్టుకుని నిలబడతారు. ఆ పళ్లెం ఎవరు పాడుకుంటే వాళ్లు ఆ పిల్లకి ఆ ఊళ్లో కన్నవారు. ఇక్కడ పుట్టింటిని కన్నవారిల్లంటారు. మొదట్లో మతంలో కలిసినవాళ్లని వాళ్ల ఇళ్లవాళ్లు గడప తొక్కనివ్వలేదట. అలా కలిసిన ఆడపిల్లలకి పురుడొస్తే వెళ్లడానికి చోటుండేది కాదు. అందుకని పెద్దలు ఈ ఏర్పాటు చేశారని చెప్పేవారు. పాడుకున్నవాళ్లు మాటవరసకి కన్నవారు కాదు. క్రిస్మసుకి చీర వాళ్లదే, పురుడు వాళ్లదే, అత్తతో పడకపోతే పిల్ల వెళ్లి ముక్కు చీదుకునే అరుగూ వాళ్లదే. ఒకటే నియమం. అత్తవారింటి వాళ్లు పాడకూడదు.

మా ఆయన ఈ సంగతి చెబుతుంటే నవ్వులాటగానే విన్నాను. ఆ తరవాత ఒంటరిగా కూర్చున్నప్పుడు నవ్వు పోయింది. రైలెక్కి రోజుల తరబడి పోతే గానీ రాని పుట్టిల్లు నాది. అక్కడ కూడా అమ్మ లేదు. నాన్న పొద్దున్న పోతే రాత్రికొస్తాడు. రేపు నాకు పిల్లో పిల్లాడో పుడితే వేణ్నీళ్లు కాచే మనిషి ఎవరు? ఆ పాటలో నాకెవరైనా దొరకాలని, నిజంగా దొరకాలని గట్టిగా కోరుకున్నాను.

మామూలుగా ఈ పాటలు పైకే పాటలు. ఎవరు పాడాలో అత్తగార్లు ముందుగానే చుట్టాలతోనో స్నేహితులతోనో మాట్లాడి ఉంచుతారు. మా అత్తగారు మాత్రం ఎవరినీ అడగలేదు. మా ఆయన ఒకసారి గుర్తు చేస్తే కస్సుమంది. "అడగడమేటిరా? బొంబాయి పిల్ల సేసిన బొంబాయి! జనం కొట్టుకు సత్తారు."

పండగ దగ్గరపడ్డాక నాకూ ఆవిడకీ పేచీ వచ్చింది. ఆవిడ పూరీలంది. నేను పూరీలతో తినరన్నాను.

"మరి దేంతో తింతారు?"

"జొన్న రొట్టెతోనండీ."

"పండక్కి జొన్నలేటమ్మా! కొత్త బియ్యం ఇంట్లో పెట్టుకుని జొన్నలు తింతామా? గతిలేనప్పుడు అంబలి కాసుకునే గింజలవి."

"అసలు బొంబాయి అన్నారు కదా. అసలంటే అదేనండీ."

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. మాట ఇచ్చింది తనే. చివరికి, "సరే, అసలంటే అసలే" అని తనే సంతకి వెళ్లి జొన్నలు తెచ్చింది. పిండి మర దగ్గర ఎవరైనా అడిగితే కోళ్లకని చెప్పమంది.

పండగ పొద్దున్న నేను పిండి కలిపి రెండు చేతుల మధ్యా కొడుతూ రొట్టెలు చేస్తుంటే, ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి వింతగా చూశారు. "ఓలమ్మ, రొట్టికి సప్పట్లు కొడతందేటి!" అని ఒకావిడ నోరు నొక్కుకుంది. నాకు ఉత్సాహం వచ్చి ఇంకా గట్టిగా కొట్టాను. పిఠ్లా మా పక్కింటావిడ ఎలా చేసేదో అలాగే చేశాను. వెల్లుల్లి తగ్గించలేదు, కారం తగ్గించలేదు, గరిటె నిలబెడితే నిలబడేంత గట్టిగా దింపాను. చిన్నప్పుడు తిన్న రుచి వచ్చింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, అది ఎవరికైనా నచ్చకపోవచ్చన్న ఆలోచనే రాలేదు.

చర్చి గుమ్మానికి చెరకు గడలు కట్టారు. లోపల వరి కంకుల కుచ్చులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, బెల్లం దిమ్మలు, సంచుల్లో జీడిపప్పు. కాళ్లు కట్టేసిన కోళ్లు ప్రార్థనంతసేపూ తమ ప్రార్థన తాము చేశాయి. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద పాట మొదలైంది. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క చాపల మీద ఆడవాళ్లు. పాస్టరుగారిని అందరూ అయ్యగారంటారు. పాట ఆయనే పెట్టాడు. ప్రసంగంలో కన్నా పాటలో ఆయన గొంతు బాగా లేచేది.

చివరికి కోడలి పాట వచ్చింది. ఆ ఏడాది మేం ఇద్దరం. ముందు గొలుగొండ నుంచి వచ్చిన పిల్ల నిలబడింది. ఆ పిల్ల అరిసెలు తెచ్చింది. ఘుమఘుమలాడుతున్నాయి. రెండు మూడు ఇళ్లవాళ్లు పోటీ పడ్డారు. పాడుకున్నావిడ వచ్చి ఆ పిల్లని దగ్గరకి తీసుకుని, "నా కూతురివే ఇంక" అని బుగ్గలు పుణికింది. అందరూ చప్పట్లు కొట్టారు. 

తరవాత నేను. షామియానా కింద వెనక ఉన్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. నా పళ్లెం మీద అత్తగారు కొత్త తువ్వాలు కప్పింది. అయ్యగారు తువ్వాలు తీశాడు.

అందరూ మెడలు సాచి చూశారు.

"ఇదేటి?" అంది ముందు వరసలో ఒకావిడ.

"బొంబాయంట."

"ఇది బొంబాయేటి! బొంబాయంటే జారాల. ఇది ముద్దలాగుంది."

"ఆ నల్లటివేటి? జొన్న రొట్టెలా? పండక్కా?"

అయ్యగారు అందరినీ ఊరుకోమని, చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. రెండుసార్లు దగ్గి, "కారం బాగుంది" అన్నాడు. మంచి మనిషి, ఇంకేమనగలడు? పాట మొదలుపెట్టాడు. ఒకటోసారి అన్నాడు. ఎవరూ పలకలేదు. ఇంకెవరైనా అన్నాడు. ఒక కోడి మాత్రం పలికింది. ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన మగవాళ్ల వైపు నుంచి చెయ్యెత్తబోతే పక్కవాళ్లు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టారు.

తప్పు వాళ్లదని కూడా అనను. వాళ్లు పుట్టినప్పటినుంచీ బొంబాయి తింటున్నారు. అదెలా ఉంటుందో వాళ్లకి నాకన్నా బాగా తెలుసు. పైగా, ఆ బొంబాయే మా ఊళ్లో లేదని మొదటి రోజే కొట్టిపారేసిన పిల్లకి కన్నవారై నెత్తిన పెట్టుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు మాత్రం పళ్లెం వంకే చూస్తూ నిలబడ్డాను. ఆ పళ్లెంలో ఉన్నది నన్ను పెంచిన మనిషి చేతి వంట. దాన్ని అంతమంది అలా చూస్తుంటే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తువ్వాలు కప్పేసి, తిన్నగా బస్టాండుకి వెళ్లి, ఏ బస్సు దొరికితే ఆ బస్సు ఎక్కేద్దామనిపించింది.

అప్పుడు మా అత్తగారు లేచింది.

ఆవిడ మొదటి వరసలో కూర్చుంది. లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కూర్చున్న ఆడవాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెనక్కి నడిచింది. ఎక్కడికెళుతోందో ముందు ఎవరికీ తెలియలేదు. చివరి చాప మీద నర్సమ్మగారు చర్చి గోడకి ఆనుకుని కూర్చుంది. మా అత్తగారు వెళ్లి ఆవిడ పక్కన కూలబడింది. అందరి తలలూ అటు తిరిగాయి. అయ్యగారు కూడా పాట ఆపేశాడు. అంత నిశ్శబ్దంలో గుసగుసలు దాగవు. ప్రతి మాటా నాకు వినిపించింది.

"అప్పా."

"ఏటి?" అంది నర్సమ్మగారు ఎటో చూస్తూ.

"పాడప్పా."

"నానెందుకు పాడతాను? దుంప లేని బొంబాయి నాకెందుకు?"

మా అత్తగారు ఒక్క క్షణం తల వంచుకుంది. "దుంపేస్తేనే బాగుంటాది. ఒప్పుకుంటన్నాను. పిల్ల అలగ నిలబడిపోనాది. పాడు."

"నాకు సెవులు సరిగా ఇనబడవు. అందరికీ ఇనబడేలాగ సెప్పు."

మా అత్తగారు లేచి నిలబడింది. ఆవిడ గెలిచిన మనిషి. బొంబాయిలో దుంప వెయ్యరని బొంబాయి పిల్లే తీర్పు చెప్పింది. దాన్ని అరుగెక్కి చాటుకుంది కూడా. అలాంటి ఆవిడే అంత మందిలో నిలబడి, గొంతెత్తి, "బొంబాయికి దుంపేస్తేనే రుచి! అప్పదే రైటు!" అంది.

షామియానా కింద నవ్వులు దొర్లాయి. మగవాళ్లు ఈలలు కూడా వేశారు. అయ్యగారు తల పక్కకి తిప్పుకున్నాడు. నేను నవ్వలేదు. ఆవిడ నా కోసం ఏం వదులుకుందో ఆ పేటలో నాకన్నా ఎవరికీ ఎక్కువ తెలియదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

నర్సమ్మగారు మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, "అయ్యగారండీ, ఆ పల్లెం నాది. రాసీండి" అంది. పోటీ ఎవరూ రాలేదు. ఆవిడ తాపీగా నా దగ్గరకి నడిచి వచ్చి, రొట్టె తుంచి, పిఠ్లా అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కారానికి ముక్కు కారింది. కొంగుతో తుడుచుకుని ఇంకో ముక్క తుంచింది. ఇంకోటి తుంచింది. తరవాత నా చెవి దగ్గరకి వంగి, "దుంప లేకుంటేనే బాగుంది పాపా. మీయత్తకి మాత్రం సెప్పకు" అంది.

నేను ఆ మాట అత్తగారికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తరవాత మా పేటలో బొంబాయికి మూడు అర్థాలయ్యాయి. దుంపది, దుంప లేనిది, నేను చేసే ముద్ద బొంబాయి. ఆ మూడోది నేనూ, నర్సమ్మగారూ, వర్షాకాలంలో మా ఆయనా తప్ప ఎవరూ ముట్టేవారు కాదు. "అసలు బొంబాయి మీరే తినండి, మాకు మామూలు బొంబాయి సాలు" అనేవాళ్లు. నాకూ పౌరుషం తగ్గింది. పూరీల్లోకి జారుడు బొంబాయి చెయ్యడం నేర్చుకున్నాను. మా ఇంట్లో దుంప వెయ్యకుండా, చర్చి వెనక వీధిలో దుంప వేసి.

కోడలి పాట ఊరికే మాట వరస కాదని నాకు రెండేళ్లకి తెలిసింది. ఎనభైలు వచ్చాయి, మొదటి పురుడు. ఏడో నెల పెట్టగానే నర్సమ్మగారు రిక్షా తీసుకుని వచ్చి మా గుమ్మంలో దిగింది. "నా పిల్లని పంపించు" అంది మా అత్తగారితో, ఏదో అరువిచ్చిన సామాను అడిగినట్టు. నాకు చీర, పసుపుకుంకుమల బదులు మాకు మామూలైన పూలూ పళ్లూ అన్నీ తెచ్చింది. అత్తగారు నన్ను రిక్షా ఎక్కించి, తనూ పక్కనే ఎక్కి కూర్చుంది. రెండు వీధుల దూరానికి ముగ్గురం రిక్షాలో వెళ్లాం.

ఆ ఇంట్లో నేనున్నన్నాళ్లూ అత్తగారు పొద్దున్నే వచ్చి చీకటి పడ్డాక వెళ్లేది. ఇద్దరూ వంటింట్లో చేరి, నాకు ఏం పెట్టాలన్న దాని మీద కీచులాడుకునేవారు. ఒకరు మునగాకు అంటే ఒకరు వాము అనేవారు. బాలింతకి శనగపిండి పెట్టకూడదన్న ఒక్క విషయంలో మాత్రం కలిశారు. నాకు బొంబాయి మీద ప్రాణం లాగేస్తుంటే, నా కళ్ల ముందే వాళ్లిద్దరూ ఒకే గిన్నెలో కలుపుకుని తినేవారు. అందులో దుంప ఉందో లేదో నేను లేచి చూడలేదు.

బాబు పుట్టాక మా నాన్న బొంబాయి నుంచి వచ్చాడు. పెళ్లయ్యాక అదే మొదటి రావడం. స్టేషన్లో దిగి, బస్సులు మారి, మేం ఉత్తరంలో రాసిన గుర్తులు పట్టుకుని తిన్నగా నర్సమ్మగారి ఇంటికి వచ్చాడు. నేను వాళ్లింట్లో ఎందుకున్నానో ఆయనకి సరిగా అర్థం కాలేదు. వరండాలో కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు. దారంతా అనుకుంటూ వచ్చినట్టున్నాడు.

"సెలవు పెట్టానమ్మా. పురుడు మన ఇంట్లో పోసుండాలి. నావల్ల కాలేదు. ఇప్పుడైనా నిన్ను తీసుకెళ్లి కొన్నాళ్లు పుట్టింట్లో ఉంచుకుందామని వచ్చాను. వంట నేను చేస్తాను" అన్నాడు.

నాకు ఆయన చేతి వంట తెలుసు. నవ్వొచ్చింది, గుండె కూడా నిండిపోయింది. నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి నర్సమ్మగారు వచ్చింది. మాసిన చీర, చేతికి పిండి, వెనకే మా అత్తగారు.

"పుట్టింట్లో ఉన్న పిల్లని పుట్టింటికి తీసికెల్తానంటారేటండీ?" అంది నర్సమ్మగారు. "ఇది కన్నోరిల్లే. నలుగురిలో పాడి తెచ్చుకున్న పిల్ల. మూడో నెల వొచ్చిందాకా నాను పంపను. మీరే ఉండండి, మీకూ ఇంత పెడతాను."

నాన్న నా వంక చూశాడు. "అవును నాన్నా, నేను పుట్టింట్లోనే ఉన్నాను" అన్నాను. ఆ మాట అనడానికి ఏమీ ఆలోచించుకోలేదు.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తరవాత నర్సమ్మగారికి దణ్ణం పెట్టాడు. "వాళ్లమ్మ పోయినప్పటినుంచీ, తల్లి లేని పిల్లని పెంచుతున్నానని కనబడిన వాళ్లందరితో చెప్పుకున్నానక్కా" అన్నాడు. "ఇంక చెప్పను."

నర్సమ్మగారు చెయ్యి కడుక్కుని లోపలికెళ్లి, నిద్రపోతున్న బాబుని ఎత్తుకొచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.